హోటల్ గది బాగాలేదు, కట్టిన డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: బడి వదిలిన పాతికేళ్లకు మా బ్యాచ్ అంతా ఒకచోట కలుసుకున్నాం. కార్యక్రమం జరిగే హోటల్‌లోనే ఉంటే తేలిగ్గా ఉంటుందని యాప్‌లో ముందే డబ్బు కట్టి 2 రాత్రులకు గది తీసుకున్నాను. తీరా వెళ్తే ఫంక్షన్ హాలుకు సరిగ్గా పైన, లిఫ్ట్ పక్కన గది ఇచ్చారు. రాత్రి ఒంటిగంట దాకా పాటల మోత. ఏసీ వేస్తే చెమ్మ వాసన, బాత్‌రూమ్‌లో మురుగు వాసన. పొద్దున వేడినీళ్లు రాలేదు. పరుపు అంచున నల్లటి చుక్కలు కూడా కనిపించాయి. రిసెప్షన్‌లో అడిగితే "హోటల్ ఫుల్ అండీ" అన్నారు. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు గొడవెందుకని ఊరుకున్నాను. మర్నాడు తలనొప్పితోనే కార్యక్రమంలో కూర్చున్నాను. రెండో రాత్రి స్నేహితురాలి గదిలో పడుకున్నాను. ఇప్పటికి 3 వారాలైంది. యాప్ వాళ్లు హోటల్‌ను అడగమంటారు, హోటల్ వాళ్లు యాప్‌ను అడగమంటారు. నా డబ్బు వస్తుందా? పైగా వచ్చే ఏడాది 30 మందికి గదులు చూసే పని నాకే అప్పగించారు. ఈసారి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: మొత్తం డబ్బు రావడం కష్టం. రెండో రాత్రిది మాత్రం గట్టిగా అడగొచ్చు, అడగాలి కూడా. ఏళ్ల తర్వాత కలిసిన వాళ్ల మధ్య గది గురించి గోల చేయాలని ఎవరికీ ఉండదు, అందుకే మీరు ఊరుకున్నారు. కానీ హోటల్ లెక్కలో ఊరుకోవడమంటే ఒప్పుకున్నట్టే. గది గురించి ఫిర్యాదుకు ఒక వేళ ఉంటుంది. ఆ వేళ దాటేకొద్దీ చేతికి వచ్చేది తగ్గుతూ పోతుంది. మీ విషయంలో 3 వారాలంటే ఆలస్యమే, అయినా చేయి దాటిపోలేదు.

ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. అక్కడ ఎవరి పేరుంటే వాళ్లే మీ డబ్బు తీసుకున్నవాళ్లు. యాప్ పేరుంటే వాపసు రావాల్సింది యాప్ నుంచే. హోటల్ దగ్గర మీ కార్డు లావాదేవీయే ఉండదు కాబట్టి వాళ్లు నేరుగా మీకు వేయలేరు. అలాగని యాప్ తనంతట తాను ఇవ్వదు. "ఆ రాత్రికి మేం డబ్బు తీసుకోం" అని హోటల్ ఒప్పుకుంటేనే అక్కడ పని కదులుతుంది. ఇద్దరూ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పుతున్నది అందుకే. ఇది ఆగాలంటే హోటల్‌ను డబ్బు అడగకండి, సమ్మతి అడగండి. ఆ సమ్మతి రాతలో చేతికొచ్చాక యాప్‌ను డబ్బు అడగండి.

హోటల్ జనరల్ మేనేజర్ పేరిట మెయిల్ పంపండి. చిన్నగా ఉండాలి, కోపం కనిపించకూడదు. ఇలా రాయొచ్చు:

"ఫలానా బుకింగ్ నంబరుతో, ఫలానా తేదీల్లో 2 రాత్రులకు మీ హోటల్‌లో ఫలానా నంబరు గదిలో దిగాను. మొదటి రాత్రి ఒంటిగంట వరకు కింది హాలు నుంచి పాటల శబ్దం వచ్చింది. ఏసీ నుంచి చెమ్మ వాసన, బాత్‌రూమ్‌లో మురుగు వాసన ఉన్నాయి. మర్నాడు ఉదయం వేడినీళ్లు రాలేదు. పరుపు అంచున నల్లటి మరకలున్నాయి. రిసెప్షన్‌లో ఫలానా సమయానికి వేరే గది అడిగితే లేదన్నారు. రెండో రాత్రి ఆ గదిలో ఉండలేదు. రెండో రాత్రి అద్దె మొత్తం, మొదటి రాత్రి అద్దెలో సగం వాపసు చేయడానికి మీ సమ్మతిని బుకింగ్ యాప్‌కు తెలిపి, ఆ మెయిల్ నకలు 10 రోజుల్లో నాకు పంపగలరు."

అంతకు మించి రాయొద్దు. కార్యక్రమం ఎలా పాడైందో, మనసెంత కష్టపడిందో రాయాలనిపించడం సహజం. అయితే ఆ మెయిల్ చదివే మనిషి వెతికేది గది నంబరు, సమయం, మీరు అడుగుతున్న మొత్తం. ఈ మూడూ కళ్లకు కనబడితే నిర్ణయం త్వరగా వస్తుంది. "తగిన న్యాయం చేయండి" అని వదిలేస్తే మాత్రం ఈసారి వచ్చినప్పుడు 10 శాతం తగ్గిస్తామని ఒక కూపన్ పంపి చేతులు దులుపుకుంటారు.

ఇక ఆధారాలు. ఆ రాత్రి ఫొటోలు తీయకపోయినా ఒకచోట మీకు సాక్ష్యం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీ బ్యాచ్ గ్రూపు తెరిచి ఆ రాత్రి మెసేజ్‌లు వెతకండి. "కింద పాటలు ఇంకా ఆగలేదే", "నీళ్లు వేడిగా వస్తున్నాయా మీకు?" లాంటివి మీరే పెట్టి ఉంటారు, లేదా మరొకరు పెట్టి ఉంటారు. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. రిసెప్షన్‌కు మొబైల్ నుంచి ఫోన్ చేసి ఉంటే కాల్ జాబితా కూడా పనికొస్తుంది.

రెండో రాత్రి విషయంలో ఒక చిక్కుంది. చెక్ అవుట్ చేయకుండా స్నేహితురాలి గదికి మారి ఉంటే హోటల్ కంప్యూటర్‌లో మీరు 2 రాత్రులూ అదే గదిలో ఉన్నట్టే. దీనికీ ఒక దారి ఉంది. కార్డుతో తెరుచుకునే తాళాలు ఏ కార్డుతో ఏ సమయానికి తలుపు తెరిచారో గుర్తుపెట్టుకుంటాయి. మీ గది తాళం వివరాలు చూసి, రెండో రాత్రి ఎవరూ లోపలికి వెళ్లలేదని నిర్ధారించుకోమని మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి. కొత్తవి చేరేకొద్దీ పాత నమోదులు చెరిగిపోతాయి కాబట్టి ఈ మెయిల్ ఇవాళే వెళ్లాలి.

10 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా బ్యాంకు దగ్గరికి వెళ్లండి. కార్డుతో కట్టిన డబ్బుకు "చెప్పినట్టు లేని సేవ" అనే కారణం కింద ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, అడిగే వీలుంది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఈ రకం వివాదాలకు సాధారణంగా 120 రోజుల గడువుంటుంది. కొన్ని బ్యాంకులు అంతకంటే ముందే ఫిర్యాదు చేయమంటాయి. ముందు అవతలివాళ్లతో మాట్లాడి చూశారా అని బ్యాంకు కచ్చితంగా అడుగుతుంది, అప్పుడు మీ మెయిల్, వాళ్ల జవాబు చూపాలి. ఉన్న రాత్రికి కూడా పూర్తి డబ్బు కావాలని పట్టుబడితే మొత్తం ఫిర్యాదే బలహీనపడుతుంది. సగం అడగడమే తెలివైన పని.

రివ్యూ రాయండి, కానీ జవాబు వచ్చాక. "డబ్బివ్వకపోతే చెడ్డగా రాస్తాను" అన్న మాట మెయిల్‌లో ఎక్కడా రానివ్వకండి. చాలా సైట్లు అలాంటి బెదిరింపును నిబంధనల ఉల్లంఘన కింద చూస్తాయి. మీ రివ్యూనే తీసేసే ప్రమాదం ఉంది.

డబ్బు కంటే ముందు ఒక పని ఉంది. పరుపు మీది నల్లటి చుక్కలు బూజు మరకలు కావచ్చు, నల్లుల రెట్టా కావచ్చు. తడిపిన తెల్ల కాగితంతో తుడిస్తే తుప్పు రంగులో అలుక్కుంటే నల్లులవే. కుట్టిన దద్దుర్లు కొందరికి 14 రోజుల వరకూ కనబడవు, కాబట్టి వెంటనే ఏమీ కాలేదని నిశ్చింతగా ఉండకండి. ఆ ప్రయాణానికి తీసుకెళ్లిన బ్యాగును బయటికి తెచ్చి కుట్ల వెంట, జిప్పు మడతల్లో, చక్రాల దగ్గర టార్చి వేసి చూడండి. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. గుడ్లు తెల్లగా, ఒక మిల్లీమీటరు ఉంటాయి. బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి, లేదా డ్రయ్యర్‌లో బాగా వేడి మీద కనీసం 30 నిమిషాలు తిప్పండి. బ్యాగును వ్యాక్యూమ్ చేసి, ఆ దుమ్ము సంచిని మూతికట్టి ఇంటి బయట పారేయండి. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి 3 వారాలైపోయింది కదా అని ఈ పని మానొద్దు.

ఆ రాత్రి ఏం చేసి ఉంటే బాగుండేదో ఇప్పుడు చెబుతాను, ఈసారి మీకే కాదు మీ బ్యాచ్‌లో అందరికీ పనికొస్తుంది.

"హోటల్ ఫుల్" అంటే ఖాళీ గది ఒక్కటీ లేదని అర్థం కాదు. అమ్మడానికి గదులు లేవని అర్థం. చాలా హోటళ్లలో బల్బు మాడిందనో, టీవీ పనిచేయడం లేదనో కొన్ని గదులు పక్కన పెట్టి ఉంచుతారు. బుక్ చేసుకుని రానివాళ్ల గదులూ కొన్ని ఉంటాయి, అవి రాత్రి 10, 11 గంటలకు గాని తేలవు. అందుకే ఒకసారి లేదన్నాక మళ్లీ ఆ సమయానికి అడగాలి. అడిగే తీరు కూడా ముఖ్యమే: "టీవీ లేకపోయినా పర్లేదు, మంచాలు విడిగా ఉన్నా పర్లేదు, నిశ్శబ్దంగా ఉంటే చాలు" అనండి. గది రకం మీద పట్టు వదిలితే దొరికే అవకాశం పెరుగుతుంది.

అడగాల్సిన మనిషి డ్యూటీ మేనేజర్. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లు గది మార్చగలరేమో గాని, చాలాచోట్ల బిల్లు తగ్గించే అధికారం వాళ్లకు ఉండదు. మేనేజర్ పేరు, మాట్లాడిన సమయం ఫోన్‌లో రాసుకోండి. రెండే మాటలు అడగండి: వేరే గది, అది కుదరకపోతే రెండో రాత్రి రద్దు చేసి వాపసు. ఒప్పుకుంటే మెయిల్‌లో ఒక వాక్యం పంపమనండి. యాప్‌లో కట్టి ఉంటే గదిలో ఉండగానే యాప్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, వాళ్లనే హోటల్‌కు కాల్ కలపమనండి. మీరు ఇంటికి వెళ్లాక వాళ్లు చేసే కాల్‌కు అంత బలం ఉండదు.

ఇవన్నీ నైట్ ఆడిట్ లోపలే జరిగితే మంచిది. ఆ రోజు లెక్కలు మూసి, ప్రతి గదికీ ఆ రాత్రి అద్దె ఎక్కించే పనిని హోటల్‌లో అలా అంటారు. ఎక్కువచోట్ల రాత్రి 2, 3 గంటల ప్రాంతంలో చేస్తారు. అంతకుముందైతే అద్దె ఎక్కకుండానే ఆపొచ్చు. ఆ తర్వాత ఎక్కిన అద్దెను వెనక్కి తిప్పడానికి పైవాళ్ల సంతకం కావాలి, కారణం రాయాలి. అదే ఫిర్యాదు అర్ధరాత్రి 12కు చేస్తే తేలిగ్గా తెమిలేది మర్నాడు 10కి చేస్తే బరువెక్కేది ఇందుకే.

గదిలో అడుగుపెట్టగానే ఏం చూడాలంటే: బ్యాగు మంచం మీదా, కార్పెట్ మీదా పెట్టొద్దు. బాత్‌రూమ్ గచ్చు మీద పెట్టి, తల వైపు దుప్పటి, పరుపు కవరు లేపి మూలలు, కుట్లు, మంచం వెనక పలక చూడండి. అనుమానం వస్తే అక్కడే ఆగి గది మార్చమనండి. అదే గోడకు అటుపక్క గది, దాని పైదీ కిందిదీ వద్దని కూడా చెప్పండి, నల్లులు పక్క గదులకు సులువుగా పాకుతాయి.

తర్వాత వేడినీళ్ల కొళాయి తిప్పి ఉంచండి. మొత్తం హోటల్‌కు ఒకే బాయిలర్ ఉంటే దూరంగా ఉన్న గదికి వేడి చేరడానికి 2, 3 నిమిషాలు పట్టడం మామూలే. 5 నిమిషాలైనా గోరువెచ్చగా కూడా కాకపోతే నీటిని తిప్పే పంపు ఆగి ఉంటుంది, లేదా ట్యాంకు ఖాళీ అయి ఉంటుంది. గదికొక గీజర్ ఉంటే లెక్క వేరు. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్ మామూలు నీటిని బాగా కాచడానికి దాదాపు 20 నిమిషాలు తీసుకుంటుంది. చన్నీళ్లు కలుపుకుంటే 35 లీటర్ల స్నానపు నీళ్లవుతాయి, షవర్ కింద 4, 5 నిమిషాల్లో అయిపోతాయి. ఒకే గదిలో ఇద్దరుంటే మధ్యలో 20 నిమిషాలు ఆగాలి. పొద్దున కార్యక్రమం 9 గంటలకు అంటే మీ బ్యాచ్ మొత్తం 7, 8 గంటల మధ్యే కొళాయిలు తిప్పుతుంది. మీకు నీళ్లు రాకపోవడానికి బహుశా ఇదే కారణం. 6 గంటలకే స్నానం ముగించుకుంటే ఈ బాధ ఉండదు.

బాత్‌రూమ్ మురుగు వాసనకు చాలాసార్లు కారణం చిన్నదే. నేల జాలీ కింద వంకర గొట్టంలో కొంచెం నీరు నిలిచి ఉంటుంది, పైపులోని గాలి పైకి రాకుండా ఆపేది ఆ నీరే. చాలా రోజులు గది వాడకపోతే అది ఆవిరైపోతుంది. జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోసి, తలుపు మూసి 10 నిమిషాలు ఆగండి. వాసన పోతే ఇక ఇబ్బంది లేదు. పోయినట్టే పోయి మళ్లీ వస్తే గొట్టంలో లోపముంది, అది ఆ రాత్రి బాగయ్యేది కాదు. గది మార్చుకోవడమే మేలు.

ఏసీ చెమ్మ వాసన దాని లోపల నీళ్లు కారే పళ్లెంలో, తడి ఫిన్‌ల (పలచని లోహపు రేకుల) మీద పట్టిన బూజుది. ఉష్ణోగ్రత బాగా తగ్గిస్తే వాసన తగ్గదు, ఫిన్‌లు ఇంకా తడుస్తాయి. గాలి మాత్రమే వచ్చే మోడ్‌లో 15 నిమిషాలు నడిపి చూడండి. రూమ్ ఫ్రెషనర్ కొట్టి పంపుతామంటే ఒప్పుకోకండి, గంటకల్లా వాసన తిరిగొస్తుంది. ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్లయితే మొహమాటపడకుండా ఆ మాట చెప్పి గది మార్పించుకోవాలి.

శబ్దం సంగతికొస్తే, హాలుకు సరిగ్గా పై గదిలో చేయగలిగింది చాలా తక్కువ. పాటల్లో మాట, ఈల లాంటి సన్న శబ్దాలను గోడలు చాలావరకు ఆపుతాయి. డ్రమ్ము, బేస్ మోత మాత్రం స్తంభాల్లో, స్లాబులో ప్రయాణించి మంచం దాకా వస్తుంది. ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కూడా సన్న శబ్దాలనే బాగా తగ్గిస్తాయి, బేస్‌ను అంతగా ఆపలేవు. నిద్రకు పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో ఉంది. కింద పెళ్లి విందు స్థాయి సౌండ్ సిస్టమ్ మోగుతుంటే ఆ అంకె దరిదాపుల్లో కూడా ఉండదు. అందుకే దూరమే మందు. హాలు నుంచి కనీసం రెండంతస్తులు పైన, భవనానికి రెండో వైపున ఉన్న గది అడగాలి. లిఫ్ట్ పక్క గది వద్దనాలి. పక్క గదిలోకి తలుపున్న గది కూడా వద్దనాలి, ఆ తలుపు సందుల్లోంచి పక్కవాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. పై అంతస్తు మంచిదే గాని, లిఫ్ట్ యంత్రం గది అక్కడే ఉందేమో కనుక్కోండి.

ఇవన్నీ చెక్ ఇన్ వేళ కౌంటర్ దగ్గర చెబితే లాభం తక్కువ. ఎవరికి ఏ గదో ముందురోజో, ఆ రోజు పొద్దునో కేటాయిస్తారు. యాప్‌లో రాసిన "నిశ్శబ్దమైన గది కావాలి" అన్న వాక్యం హామీ కాదు, చాలాసార్లు ఎవరూ చదవరు కూడా. ముందురోజు సాయంత్రం, చెక్ ఇన్ రద్దీ తగ్గాక నేరుగా హోటల్‌కు ఫోన్ చేసి, బుకింగ్ నంబరు చెప్పి అడగండి.

ఇక మీ 30 మంది సంగతి. ఎవరికి వాళ్లు యాప్‌లో బుక్ చేసుకోకండి. చాలా హోటళ్లలో 10 గదులు దాటితే గ్రూపు కింద లెక్క. సేల్స్ విభాగంతో మాట్లాడి గదులు బ్లాక్ చేయించుకోవచ్చు. అప్పుడు మీతో మాట్లాడటానికి ఒక మనిషి ఉంటాడు, ఏదైనా జరిగితే 30 మంది తరఫున ఒకే ఫిర్యాదు వెళ్తుంది. ఒప్పందం మీద సంతకం చేసేముందు రెండు చోట్ల ఆగి చదవండి. మొదటిది కటాఫ్ తేదీ. ఆ రోజుకు పేర్లు ఇవ్వని గదుల్ని హోటల్ బయటివాళ్లకు అమ్ముకుంటుంది. సాధారణంగా అది 2 నుంచి 4 వారాల ముందు ఉంటుంది. రెండోది, బ్లాక్ చేసిన గదుల్లో ఎంత శాతం తప్పకుండా వాడాలన్న షరతు. 20 గదులకు 80 శాతం అని ఉంటే 16 నిండాలి, 13 గదులే నిండితే మిగిలిన 3 గదుల అద్దె మీ నెత్తిన పడుతుంది. స్నేహితుల్లో "వస్తాం వస్తాం" అని చివర్లో మానుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. అందుకే అడ్వాన్స్ కట్టినవాళ్ల పేర్లే లెక్కలోకి తీసుకుని, దానికి ఒకటి రెండు గదులు మాత్రమే కలిపి బ్లాక్ చేయండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

అదే ఒప్పందంలో మరో రెండు వాక్యాలు రాయించండి. ఆ రాత్రి హాలులో మరో కార్యక్రమం ఉందా, ఉంటే సంగీతం ఎన్ని గంటలకు ఆగుతుంది అన్నది ఒకటి. హాలుకు పై అంతస్తులో మీవాళ్లకు గదులు ఇవ్వకూడదన్నది రెండోది. పాటలు మీ కార్యక్రమానివే అయితే, 11కు ఆపేస్తామని మీరే మీవాళ్లకు ముందుగా చెప్పండి. కూర్చుని కబుర్లు చెప్పుకోవాలనుకునేవాళ్లకు తెల్లవార్లూ తెరిచి ఉండే చిన్న మీటింగ్ గది ఒకటి అడగండి. లేకపోతే ఎవరో ఒకరి గదిలో పదిమంది చేరతారు, పక్క గదివాళ్లకు నిద్ర ఉండదు.

పేర్ల జాబితా హోటల్‌కు ఇచ్చేటప్పుడు ప్రతి పేరు పక్కన అవసరం కూడా రాయండి: మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు లిఫ్ట్ అందుబాటులో, అయినా దానికి ఆనుకుని కాకుండా, నాలుగైదు గదుల అవతల. నిద్ర పలచగా పట్టేవాళ్లకు వరండా చివర. ఉబ్బసం ఉన్నవాళ్లకు కార్పెట్ లేని గది. ఆ జాబితాను కార్యక్రమానికి 3 రోజుల ముందు మళ్లీ పంపి, గది నంబర్లు తిరిగి మెయిల్ చేయమనండి. నంబర్లు వచ్చాక ఏది ఏ అంతస్తులో, ఏ వైపున ఉందో ఫోన్‌లో అడిగి సరిచూసుకోండి. మార్చాల్సినవి ఉంటే అప్పుడే మార్పించండి.